ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులు?

మొదటి రోజు, శనివారం

కొవ్వూరు స్టేషన్ దాటగానే నాన్న లేచి కూర్చున్నాడు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. బోగీలో అందరూ ముసుగులు తన్ని పడుకున్నారు. ఆయన మాత్రం కిటికీ అద్దం పైకెత్తి, జేబులోంచి రూపాయి బిళ్లలు రెండు తీసి, ఒకటి నా చేతిలో పెట్టాడు. రైలు చప్పుడు మారింది. నేల మీద పరిగెత్తే రైలుకీ, గోదారి మీద నడిచే రైలుకీ శబ్దంలో తేడా మా జిల్లాల వాళ్లకి నిద్రలో కూడా తెలుస్తుంది.

కొత్త ఆర్చి బ్రిడ్జి పక్కనే పాత హేవలాక్ వంతెన మసక వెలుతురులో వరసగా స్తంభాలు పరుచుకుని ఉంది. 1900 ఆగస్టులో దాని మీద మొదటి మెయిలు నడిచింది. స్తంభానికీ స్తంభానికీ మధ్య 150 అడుగుల ఖానాలు 56. తొంభై ఏడేళ్లు రైళ్లను మోసి 1997లో విశ్రాంతి తీసుకుంది. ఆ వంతెన రాకముందు బెజవాడ వైపు నుంచి వచ్చే పట్టాలు కొవ్వూరులో ఆగిపోయేవి. విశాఖ వైపు పట్టాలు రాజమండ్రిలో. మధ్యలో గోదారి. జనం సామాన్లతో సహా రేవులోకి దిగి పడవెక్కి అవతలి రైలు పట్టుకోవాల్సిందే.

నాన్నకి డెబ్భై ఐదేళ్లు. పుట్టింది కొవ్వూరు అవతల ఒక పల్లెలో. కాలేజీ రాజమండ్రిలో. రోడ్ కం రైలు బ్రిడ్జి 1974లో గానీ రాలేదు కాబట్టి ఆయన చదువంతా లాంచీల మీదే సాగింది. వరద రోజుల్లో లాంచీ కట్టేస్తే మూడేసి రోజులు ఎవరింట్లోనో తలదాచుకునేవాళ్లట. "అటు ఇల్లు, ఇటు చదువు, మధ్యలో ఈ తల్లి" అంటూ బిళ్ల విసిరి దణ్ణం పెట్టుకున్నాడు.

ఈ ప్రయాణం అనుకున్నది రాజమండ్రి చూడ్డానికి కాదు. గోదారి మీద ఆనకట్ట ఉన్న ధవళేశ్వరం కోసం. ఎందుకో చెప్పాలి.

నేను పెరిగింది రామచంద్రపురం దగ్గర, తూర్పు కాలవ కింద. ఆగస్టు వచ్చిందంటే మా ఇంట్లో రేడియో చుట్టూ అందరూ మూగేవాళ్లు. ఎవరు వీధిలో కనిపించినా ఒకటే ప్రశ్న: "ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులు?" గోదారి నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక. 13.75 అయితే రెండోది. 17.75 అయితే మూడోది, ఇక నది మధ్య లంకల్లో వాళ్లు పశువుల్ని విప్పుకుని గట్టెక్కాలి. 1986 ఆగస్టులో ముప్ఫై అయిదు లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు మా అమ్మమ్మ వాళ్ల లంక ఊళ్లో చూరు కింద దాకా నీళ్లు. అమ్మ రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. చిన్నదాన్ని, నాకు గుర్తున్నది రేడియోలోని ఆ అంకెలే. ధవళేశ్వరం అంటే నాకు ఊరు కాదు, ఒక అంకె. తర్వాత బస్సులో బ్యారేజీ మీదుగా ఎన్ని పెళ్లిళ్లకు వెళ్లానో లెక్కలేదు. ఒక్కసారీ దిగలేదు. రోడ్డు పక్కన, ఆనకట్ట కట్టించిన ఇంజనీరు కాటన్ పేరు మీద ఉన్న మ్యూజియం తోట, గుర్రం మీద కాటన్ విగ్రహం, కిటికీలోంచి చూసి దాటిపోవడమే.

నాన్న కూడా దిగలేదట! ఇన్నేళ్ల వయసులో. అది విన్నాక టికెట్లు కొనకుండా ఉండలేకపోయాను.

రాత్రి ప్రయాణం బడలికతో ఇద్దరం మధ్యాహ్నం దాకా పడుకున్నాం. సాయంత్రం ఆటో మాట్లాడుకుని ధవళేశ్వరం వెళ్లేసరికి పొద్దు వాలిపోయింది. మ్యూజియం గేటు దగ్గర పెద్దాయన ఒకాయన నాన్నని చూసి కుర్చీలోంచి లేచాడు. "చీకటి పడ్డాక లోపల ఎవర్నీ ఉండనివ్వమండి బాబుగారూ. రేపు పొద్దున్నే రండి, ఆయ్, రోజంతా కూర్చోవచ్చు" అన్నాడు. నాన్న ముఖం చిన్నబోయింది కానీ, రోడ్డు దాటి గట్టు మీద కాసేపు నిలబడ్డాం. అటూ ఇటూ కనుచూపు మేర నీళ్లు. ఎక్కడో అవతల ఒక దీపం.

తిరిగి వచ్చి పుష్కర ఘాట్‌లో దీపాలు చూశాం. కార్తీకం కదా, అరటి దొప్పల్లో ఒత్తులు వెలిగించి వదులుతున్నారు. ఆ తర్వాత రోజ్ మిల్క్ తాగి పడుకున్నాం. ఆ రోజుకి అంతే.

రెండో రోజు, ఆదివారం

ఎనిమిదింటికల్లా గేటు దగ్గర ఉన్నాం. నిన్నటి పెద్దాయనే. "వచ్చేశారా బాబుగారూ" అని నవ్వాడు.

తోట పెద్దదేం కాదు. చెట్లు, నడిచే దారి, కూర్చోడానికి చోటు, పాత భవనంలో 1988లో పెట్టిన మ్యూజియం, బయట అక్కడక్కడా పాతకాలపు యంత్రాలు. ఊరికే కళ్లు తిప్పితే పావుగంట. మేం సాయంత్రం దాకా ఉన్నాం.

ముందు లోపలికి వెళ్లాం. ఫొటోలు, పటాలు, ఆనకట్ట నమూనాలు. డొక్కల కరువు గురించి చిన్నప్పుడు నాయనమ్మ నోట విన్నాను. 1832-33లో వచ్చిన ఆ కరువులో గుంటూరు సీమలో ఊళ్లకి ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1839లో తుపాను కోరంగి రేవుని ఊడ్చేసింది. గోదావరి జిల్లా అప్పుడు ఇప్పటిలా పచ్చగా లేదు. వరదొస్తే మునక, వరద పోతే ఎండు. నది నిండుగా పారుతుండగానే జనం ఆకలితో వలసపోయేవాళ్లు. ఆర్థర్ కాటన్ 1844లో ఈ నదిని చూడ్డానికి వచ్చి, గుర్రం మీదా పడవ మీదా తిరిగి, కొలిచి, రాసి, పైవాళ్లను ఒప్పించి, 1847లో పని మొదలుపెట్టాడు. తిరిగినన్నాళ్లూ అరటిపళ్లతోనే కడుపు నింపుకునేవాడని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. 1852కి ఆనకట్ట నిలబడింది.

ఒక నమూనా దగ్గర నాన్న ఆగిపోయాడు. ఆయన జీవితమంతా లెక్కల మాస్టారు. ఏదైనా అర్థమయ్యేదాకా అక్కణ్ణుంచి కదలడు. అడ్డుకట్ట వెయ్యాలంటే నది సన్నగా ఉన్నచోట వెయ్యాలి కదా, ఇంత వెడల్పయిన చోట ఎందుకు వేశాడు? అది ఆయన ప్రశ్న. పటం వంక చూస్తూ చాలాసేపటికి తనే చెప్పాడు.

"చూడమ్మలూ, పైన పాపికొండల దగ్గర సన్నగానే ఉంటుంది, కానీ లోతెక్కువ, ఉరవడి ఎక్కువ. ఇక్కడ నాలుగు మైళ్లు పరుచుకుంది కాబట్టి వరద వచ్చినా ఎత్తు తక్కువ. మధ్యలో లంకలున్నాయి. ఒకటే కట్ట కాకుండా నాలుగు ముక్కలు కట్టుకోవచ్చు. పైగా డెల్టాకి ఇది తల. ఇక్కడ నీళ్లు కాస్త ఎత్తితే చాలు, సముద్రం దాకా పల్లమే."

"మరి రాయి?"

"ఆ కొండ ఉందిగా" అని కిటికీలోంచి చూపించాడు. జనార్దన స్వామి గుడి ఉన్న కొండ వైపు.

రాయి ఆ చుట్టుపక్కల కొండల నుంచే వచ్చింది. దాన్ని మోయడానికి 1845లోనే ఇక్కడ పట్టాలు పరిచారు. బొంబాయి నుంచి ఠాణాకి జనాన్ని ఎక్కించుకుని రైలు నడిచింది 1853లో. అంటే దానికంటే ఎనిమిదేళ్ల ముందే మా ధవళేశ్వరంలో రాళ్లబండ్లు పట్టాల మీద దొర్లాయి. ఈ సంగతి బళ్లో ఎవరూ మాకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ బస్సు కిటికీలోంచి వేరేగా చూసేదాన్ని.

నాకు బాగా నచ్చింది పునాది కథ. గోదారి అడుగున గట్టి నేల లేదు, అంతా ఇసుకే. ఎంత తవ్వినా ఇసుకే. కాటన్ అంతకుముందు కావేరి, దాని పాయ కొల్లడం మీద పనిచేశాడు. అక్కడ చోళుల కాలపు ఆనకట్ట కల్లణై ఇసుకలోనే వందల ఏళ్లుగా నిలబడి ఉండటం చూశాడు. ఇసుకలో ఎలా కట్టాలో మనకు నేర్పింది ఆ పాతవాళ్లేనని తనే ఒప్పుకున్నాడు. ఇక్కడ ఇసుకలోకి బావులు దింపి, వాటి మీద గోడలు లేపి, గోడల మధ్య ఇసుకే నింపి, పైన రాయి పరిచారు. దిగువన బండరాళ్లను ఊరికే దొర్లించి వదిలారు. వరద కింద ఇసుకని కోసుకుపోతే ఆ బండలు మెల్లగా దిగబడి, దిగిన చోట గట్టిపడతాయి. పైన మళ్లీ కొత్త బండలు వేస్తారు. నదితో పోట్లాడకుండా నదిచేతే పునాది గట్టిచేయించడం. నాన్న ఆ నమూనా మీదకి వంగి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని చూశాడు.

వీణం వీరన్న పేరు దగ్గర ఇంకోసారి ఆగాం. కాటన్ దగ్గర పనిచేస్తూ వేలమంది కూలీలను కూడగట్టి, వాళ్లకి కూడూ గూడూ చూసి, పని నడిపించిన మనిషి. కాటన్‌కి ఊరూరా విగ్రహాలున్నాయి, ఉండాల్సిందే. కానీ రాయి ఎత్తిన చేతులు మనవాళ్లవి. వాళ్లలో మనకు తెలిసిన పేరు ఇదొక్కటి. నేను ఆ పేరు రెండుసార్లు పైకే చదివాను.

బయటికొచ్చి యంత్రాల దగ్గర కూర్చున్నాం. ఒక పళ్లచక్రం నా భుజం ఎత్తు ఉంటుంది. తుప్పు పొరలుగా లేచి, చేత్తో రాస్తే ఎర్రటి పొడి. కానీ పళ్ల మధ్య, పళ్లూ పళ్లూ రాసుకున్న చోట మాత్రం ఇనుము ఇంకా నున్నగా, నల్లగా మెరుస్తోంది. వేలుపెట్టి చూశాను. చల్లగా, అద్దంలా ఉంది. ఎన్ని వందలసార్లు తిరిగితే ఇనుము అలా అరుగుతుంది! ఆ తిప్పిన మనిషి ఎవరో, ఏ ఊరివాడో. నాన్న కూడా అదే చోట వేలు పెట్టి ఏమీ మాట్లాడకుండా చాలాసేపు ఉన్నాడు.

పదకొండు దాటాక తోట కళే మారిపోయింది. కార్తీక వనభోజనాలకు ఒక పెద్ద కుటుంబం దిగింది. ముప్ఫై మందైనా ఉంటారు. కొమ్మలతో సహా ఉసిరికాయలు తెచ్చి ఒక చెట్టు మొదట్లో కట్టి, పసుపు కుంకుమ పెట్టి, దీపం వెలిగించారు. పిల్లలు యంత్రాల చుట్టూ దొంగాట మొదలుపెట్టారు. మేం పక్కకి జరుగుతుంటే ఒకావిడ వచ్చేసింది.

"ఏవమ్మా, ఇద్దరే వచ్చారా? బాబాయిగారూ, మీరు రండి, ఇలా కూర్చోండి. ఆకు వేసేశాం."

మొహమాటపడ్డాం. ఆవిడ వినలేదు. గోదావరి జిల్లాల్లో ఆకు వేశాక కాదనడం కుదరదు. పులిహోర, కంద బచ్చలి ఆవపెట్టిన కూర, గుమ్మడికాయ పులుసు, పెరుగావడలు. ఉల్లీ వెల్లుల్లీ లేకుండానే ఆ కందబచ్చలికి ఎంత రుచో! నాన్న రెండోసారి వడ్డించుకున్నాడు. ఇంట్లో నేను చేస్తే ఎప్పుడూ వడ్డించుకోలేదు, కానీ ఆ ఆవ ఘాటు అలాంటిది.

వాళ్లది ఆలమూరు దగ్గర పల్లె. మాటల్లో తెలిసింది, ఇంటి పెద్దాయన పాతికేళ్లుగా కాలవ చివరి ఆయకట్టులో వ్యవసాయం చేస్తున్నాడు. సార్వా, అంటే మొదటి పంట, కోతలు మొదలయ్యాయట. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్లు ఎప్పుడు వదులుతారోనని ఎదురుచూపులు. "చివరి భూములండి మావి. ఇక్కడ తలుపు ఎత్తితే మా చేలోకి రావడానికి రోజులు పడుతుంది. ఇక్కడ దించేస్తే మాత్రం మా దగ్గర వెంటనే తెలిసిపోద్ది" అన్నాడు. ఇక్కడి నీళ్లతో బతికే ఆయకట్టు దగ్గర దగ్గర పది లక్షల ఎకరాలు. ఆ అంకె నేను ఎప్పట్నుంచో ఎరుగుదును. కానీ ఆకు ముందు కూర్చుని అన్నం కలుపుతున్న మనిషి "మా చేను" అంటే అప్పుడు గానీ అది నాకు లోపలికి దిగలేదు.

సాయంత్రం, కాలవలోకి పడవల్ని దించే లాకుల వైపు నడిచాం. తూర్పు కాలవ ఇక్కడే మొదలవుతుంది. నేను ఈతకొట్టిన కాలవ, అమ్మ బట్టలు ఉతికిన కాలవ, మా రామచంద్రపురం నీళ్లు. ఒకప్పుడు ఈ లాకుల్లోంచి పడవలు దిగి కాకినాడ వెళ్లేవి. అవతలి ఒడ్డు నుంచి ఏలూరు కాలవ పట్టుకుంటే కృష్ణ కాలవల మీదుగా చెన్నపట్నం దాకా నీటిదారే. ధాన్యం, బెల్లం, కొబ్బరి అన్నీ పడవల మీదే. నదిని అడ్డంగా దాటే చోటు ఒక్కటే కాదు ధవళేశ్వరం, పొడుగునా ప్రయాణం మొదలయ్యే చోటు కూడా.

నీటిమట్టం కొలిచే గుర్తుల కోసం వెతికాను. రాతి గోడ మీద అడుగుల గీతలు, పక్కన అంకెలు. నీళ్లు వాటికి చాలా కిందుగా, నిమ్మళంగా ఉన్నాయి. చిన్నప్పుడు రేడియోలో విన్న అంకె ఇక్కడ, ఇలా పెయింటుతో రాసి ఉందన్నమాట. నీళ్లలో నీడ కదులుతుంటే అంకెలు కూడా కదిలినట్టుంది. ఫొటో తీసి అమ్మకి పంపాను. వెంటనే ఫోన్ చేసి, "నీళ్లెక్కడున్నాయి?" అంది. నవంబరులో ఏ భయమూ లేదని తెలిసినా అదే అడిగింది.

చీకటి పడుతుండగా పెద్దాయన ఈల వేశాడు. వనభోజనాల వాళ్లు విస్తళ్లు ఏరి, గోనెసంచీలో వేసుకుని, నేలంతా ఊడ్చి మరీ వెళ్లారు. అది చూసి నాకు ఎంత హాయి అనిపించిందో.

మూడో రోజు, సోమవారం

కార్తీక సోమవారం. నాన్న తెల్లవారుజామునే తలస్నానం చేసి సిద్ధంగా ఉన్నాడు. ఇవాళ బ్యారేజీ మీదుగా అవతలి ఒడ్డుకి వెళ్లాలి.

కాటన్ కట్టిన పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. తలుపులు 175. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39. ఇవి నిన్న మ్యూజియంలో నాన్న కాగితం మీద రాసుకున్నాడు. ఇవాళ స్వయంగా లెక్కపెడతానన్నాడు. ఆటో అబ్బాయి కుర్రాడు. "తాతగారూ, మెల్లగా పోనిస్తాను, మీరు లెక్కెట్టుకోండి" అని నిజంగానే నడక వేగంతో పోనిచ్చాడు. వెనక మోటార్ సైకిళ్లు హారన్లు కొడుతున్నా పట్టించుకోలేదు.

పిచ్చుకలంక, తర్వాత బొబ్బర్లంక. అక్కణ్ణుంచి మధ్య డెల్టా కాలవ కోనసీమకి వెళుతుంది. దిగువన గోదారి గౌతమి, వశిష్ఠలుగా చీలి, ఒకటి యానాం వైపు, ఒకటి నరసాపురం వైపు పోతుంది. వరదల కాలంలో సముద్రం నుంచి పులస చేప ఎదురీదుకుంటూ ఇంతవరకూ వస్తుంది. పుస్తెలమ్మైనా పులస తినాలనే మాట పుట్టింది ఈ నీళ్ల దగ్గరే. ఇప్పుడు కాలం కాదు. అయినా నాన్న నీళ్లలోకి చూస్తూనే ఉన్నాడు.

బొబ్బర్లంక దగ్గర దారి తప్పించి ఆత్రేయపురం వెళ్లొచ్చాం. ఒక ఇంటి అరుగు మీద ఒకావిడ పూతరేకులు తీస్తోంది. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకు మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క లాగు. అంతలోనే కాగితం కంటే పల్చటి రేకు లేచి వచ్చింది. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పిండికి వాడే బియ్యం కూడా ఈ కాలవ నీళ్ల పంటే. అమ్మకి బెల్లంవి ఒక పెట్టె కట్టించాను.

మళ్లీ బ్యారేజీ ఎక్కాం. మద్దూరు పాయ దాటాక నాన్న మాట్లాడ్డం మానేశాడు. పెదాలు కదులుతున్నాయి, వేళ్లు మడుస్తున్నాడు. విజ్జేశ్వరం ఒడ్డు తగిలింది. పశ్చిమ డెల్టా కాలవ తల ఇక్కడే. ఆయన పుట్టిన ఒడ్డు.

కొవ్వూరు వెళ్లి గోష్పాద క్షేత్రం రేవులో దిగాం. మెట్ల మీద అడుగు పెట్టే చోటు లేదు. తడిబట్టలు, ఉసిరి దీపాలు, శివనామం. ఒక పురోహితుడు సంకల్పం చెప్పిస్తూ నదుల పేర్లన్నీ చదువుతున్నాడు. నాన్న మోకాళ్ల లోతుకి దిగి అవతలి ఒడ్డు వంక చూశాడు. "అదుగో, ఆ రేవులోనే లాంచీ ఆగేది. అక్కణ్ణుంచి పరిగెత్తితే మొదటి గంటకి అందుకునేవాణ్ణి" అన్నాడు. దోసిట్లో నీళ్లు తీసుకుని తల మీద చల్లుకున్నాడు, నా తల మీదా చల్లాడు.

సాయంత్రం రైలుకి రాజమండ్రి చేరాలి. ఆటో అబ్బాయి రోడ్ కం రైలు బ్రిడ్జి మీదుగా అరగంటలో దించేస్తానన్నాడు. నాన్న చొక్కా జేబులోంచి కాగితం తీసి, చూసి, మళ్లీ చూసి, నా వైపు తిరిగాడు.

"నూట డెబ్భై నాలుగే వచ్చాయమ్మలూ. ర్యాలి దగ్గర లారీ అడ్డొచ్చింది, అక్కడే ఒకటి పోయుంటుంది."

టైము చూసుకున్నాను. రైలుకి ఇంకా మూడు గంటలుంది.

"బ్యారేజీ మీదుగానే పోనియ్, బాబూ" అన్నాను.